నంబరు బయటికి

2024 ఆగస్టు 14, బుధవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, హోసూరు రోడ్డులో చందాపుర దాటాక, మా మరిది ఓబులేష్ నడుపుతున్న పికప్ ముందు నిలిచిన టిప్పర్‌ను వెనక నుంచి గుద్దింది. వాన పడుతోంది. బండిలో ముప్పై రెండు మూటల చామంతి ఉంది. ఆసుపత్రికి చేర్చేసరికి ఓబులేష్ చనిపోయాడు. అతని వయసు ముప్పై ఆరు.

ఆ బండి డాష్‌బోర్డు మీద రెండు పసుపు దీపాలు జులై 7 నుంచి వెలుగుతున్నాయి. ఒకటి ఏబీఎస్ దీపం. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు పనిచేయడం లేదని అది చెబుతుంది. రెండోది ట్రాక్షన్ దీపం. తడి నేల మీద చక్రం జారితే పట్టుకునే ఏర్పాటు కూడా ఆగిపోయిందని చెబుతుంది. అవి ఎందుకు వెలుగుతున్నాయో కనిపెట్టే పని నాది. మా నాయన జయరామప్పకు కె.ఆర్.పురంలో, పాత మద్రాసు రోడ్డు పక్కన షెడ్డు ఉంది. నలభై ఒక్క ఏళ్లుగా ఆయన మెకానిక్. నేను డిప్లొమా చదివి, ఎనిమిదేళ్లుగా అక్కడే, బండి కంప్యూటరు చెప్పే తప్పులు చదివే స్కానర్ పని చూస్తున్నాను. అమ్మ లేదు. చెల్లెలు సహనను ఆనేకల్‌లో ఓబులేష్‌కు ఇచ్చాం.

జులై 7 ఆదివారం. ఓబులేష్, సహన ఆనేకల్ నుంచి ఆ బండిలోనే వచ్చారు. ముందు ఎడమ చక్రం నుంచి మూలుగు వస్తోందన్నాడు. నాయన పక్కన కూర్చుని రోడ్డు చివరిదాకా వెళ్లి వచ్చాడు. దిగుతూనే చెప్పాడు.

"బేరింగు పోయింది. విప్పుదాం."

చక్రం తీసి, దాన్ని బిగించే హబ్ ఊడదీసి, పాత బేరింగును ఒత్తి తీసే ప్రెస్ కింద పెట్టి నెట్టాడు. అది కింద పడ్డాక గుడ్డతో తుడిచి వెలుతురులో తిప్పి చూశాడు.

"చూడప్పా ఓబులేషూ, ఎవరో నంబరును లోపలికి పెట్టి వేసినారు."

"ఎవరూ ముట్టుకోలేదు మామా. కంపెనీలో వేసిందే."

"కంపెనీ వాళ్లా? చదువుకున్నోళ్లు. అందుకే."

నాయన, ఓబులేష్ ఇద్దరూ నవ్వారు. కొత్త బేరింగు పెట్టెలోంచి తీసి ఇచ్చింది ఓబులేషే. పెట్టెలో బిగించే పద్ధతి అచ్చువేసిన ఒక చిన్న కాగితం కూడా ఉంది. నాయన ఆ కాగితానికి గ్రీజు వేళ్లు తుడుచుకున్నాడు. బేరింగును రెండు వైపులా చూశాడు. రెండు వైపులా దుమ్ము పోకుండా మూసే నల్లటి రబ్బరు సీలే. ఒక వైపు అంచు మీద నంబరు చెక్కి ఉంది. ఆ వైపును బయటికి తిప్పి పెట్టాడు.

"ఎందుకు మామా అంత నిదానం? పెండ్లికొడుకును పీట మీద కూర్చోబెట్టినట్ల చేస్తాండావే."

"నంబరు బయటికి ఉండాల. ఇది మా బసవరాజు మేస్త్రీ నేర్పిన పద్ధతి. రేపు దీన్ని విప్పేవాడు ఎవడో మనకు తెల్దు. హబ్ లాగతానే వానికి నంబరు కనపడాల. అంగడికి పోయి ఊరికే ఎతుక్కోకూడదు."

"వాడెవడో నీకు దండం పెడ్తాడులే."

"దండం ఎందుకు. తిట్టకుంటే చాలు."

నేను అప్పుడు షెడ్డు అవతలి మూలలో ఇంకో కారుకు స్కానర్ పెట్టి ఉన్నాను. మాటలు వినపడ్డాయి. తల ఎత్తి చూడలేదు. చేతులు ఏం చేశాయో తరవాత నాయన చెప్పాడు.

ఆ సాయంత్రం ఐదున్నరకు, వాళ్లు మారతహళ్లి దాటకముందే, ఓబులేష్ ఫోటో పంపాడు. రెండు పసుపు దీపాలు. వెనకే ఫోన్ చేశాడు.

"వదినా, శబ్దం పోయింది. దీపాలు వచ్చినాయి. మీ నాయన ఒకటి తీసి రెండు ఇచ్చినాడు."

బేరింగు మార్చేటప్పుడు చక్రం వేగం కొలిచే సెన్సర్ వైరు లాగి ఉంటారని, వచ్చే ఆదివారం చూస్తానని చెప్పాను.

జులై 14న స్కానర్ తగిలించాను. ఒకే తప్పు చూపించింది. ముందు ఎడమ చక్రం వేగం తెలియడం లేదు. ఓబులేష్‌ను సర్వీసు రోడ్డులో నడపమని పక్కన కూర్చున్నాను. స్కానర్ తెర మీద నాలుగు చక్రాల వేగం నాలుగు గడుల్లో కనిపిస్తుంది. మూడు గడుల్లో 22 ఉంది. ముందు ఎడమ గడిలో సున్నా ఉంది. బండి 30కి వెళ్లింది. మూడు గడుల్లో 30. నాలుగో గడిలో సున్నా.

"అంటే మూడు కాళ్లతో నడస్తాండానా వదినా?"

"నాలుగు కాళ్లతోనే. ఒక కాలు ఉందని బండికి తెలియడం లేదు."

"తెలియకుంటే ఏమైతాది?"

"ఒక చక్రం లెక్క తప్పితే బండి అన్నిటికీ ఆ సాయం ఆపేస్తుంది."

"మా అమ్మ మాదిరి. ఒకరి మీద కోపం వస్తే ఇంట్లో ఎవరికీ అన్నం పెట్టదు."

షెడ్డుకు వచ్చి కుడి చక్రం సెన్సర్ తీసి ఎడమకు పెట్టాను. ఎడమది కుడికి పెట్టాను. మళ్లీ నడిపించాను. కుడి గడిలో 25. ఎడమ గడిలో సున్నా. సెన్సర్లు రెండూ మంచివేనని తేలింది. మల్టీమీటర్‌తో వైరు చూశాను. ఎక్కడా తెగలేదు. కరెంటు వస్తోంది. సెన్సర్ మంచిది, వైరు మంచిది. ఇక మిగిలింది సెన్సర్ చదివే వస్తువు. ఈ రకం బండ్లలో అది విడిగా ఉండదు. బేరింగు సీలులోనే ఒక అయస్కాంతపు పట్టీ ఉంటుంది. కంటికి మామూలు సీలులాగే కనిపిస్తుంది. అది తిరుగుతుంటే సెన్సర్ లెక్కపెడుతుంది.

నాయన టీ తాగుతున్నాడు. వెళ్లి చెప్పాను.

"నాయనా, బేరింగు సీలులో పట్టీ దెబ్బ తినిందేమో. ఒకసారి విప్పి చూద్దామా?"

ఆయన గ్లాసు పెట్టి లేచాడు. జాకీ మీద ఉన్న చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. కదల్లేదు. చేత్తో తిప్పాడు. శబ్దం లేదు.

"ఆట ఉండాదా? మూలుగు ఉండాదా?"

"లేదు."

"వారమే అయింది నేను వేసి. చూసేదానికి విప్పితే లోపలి బాల్సు దెబ్బ తింటాయి, బేరింగు పాడైపోతాది. మంచి బేరింగును చంపి చూస్తావా? నీ టీవీకి కనపడకపోతే బేరింగు తప్పా?"

స్కానర్‌ను ఆయన టీవీ అంటాడు. ఆయన చెప్పిన దాంట్లో ఒక మాట నిజం. ఆ రకం బేరింగును ఒకసారి ప్రెస్ నుంచి బయటికి తీస్తే మళ్లీ వాడకూడదు.

"మేము నడిపిన లారీల్లో ఏ దీపం ఉండె? బ్రేకు పడ్తాదా, పడదా?"

"పడ్తాది."

"ఇంకేం మరి."

ఓబులేష్ మా ఇద్దరినీ చూస్తున్నాడు. "శ్రావణం వస్తాండాది వదినా. దినానికి రెండు ట్రిప్పులు మార్కెట్టుకు. ఇప్పుడు బండి నిలపలేను. వరమహాలక్ష్మి పండగ అయినాక తెస్తా. అప్పుడు మీరిద్దరూ దాన్ని ఏమన్నా చేసుకోండి. ఒక మాట చెప్పు. బ్రేకు పడ్తాదా?"

"పడ్తాది. వానలో మాత్రం ఒకేసారి గట్టిగా తొక్కొద్దు. చక్రం బిగుసుకుంటుంది. బిగుసుకుంటే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ముందు బండికి దూరంగా ఉండు."

"హోసూరు రోడ్డులో దూరంగా ఉంటే మధ్యలో ఇంకో బండి దూరతాది వదినా," అన్నాడు.

సెన్సర్ కూర్చునే రంధ్రం వేలు పట్టేంత ఉంటుంది. అందులోకి సన్నని గుండుసూది దించి సీలుకు తాకించి ఉంటే, అంటుకుంటుందో లేదో తెలిసేది. దేన్నీ విప్పక్కరలేదు. పది నిమిషాల పని. ఆ రోజు నాకు తోచలేదు. తోచేదాకా ఆలోచించలేదు కూడా. నాయన వేసిన బేరింగు తప్పని నా నోటితో చెప్పాల్సి వస్తుందని తెలుసు. పండగ ఆగస్టు 16న. నెల రోజులే అనుకున్నాను.

ఆగస్టు 4 భీమన అమావాస్య. భర్తల ఆయుష్షు కోసం భార్యలు పూజ చేసే రోజు. నాయన, నేను ఆనేకల్‌కు భోజనానికి వెళ్లాం. ఓబులేష్ తల్లి కదిరమ్మ మగ్గం మీద పని ఆపి వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టింది. వాళ్లది నేత ఇల్లు. ఓబులేష్ మగ్గం వదిలి బండి కొన్నాడు. ఆమె మాత్రం ముందుగదిలో మగ్గం తీయనివ్వలేదు.

సహన ఓబులేష్ కాళ్లకు పసుపు రాసి, పూలు పెట్టి, దండం పెట్టుకుంది. అతను కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"చాలు సహనా, చక్కిలిగింతలు పెడ్తాండాది."

"నోరు మూసుకోని నిలబడు," అంది కదిరమ్మ. "నీ కోసం కాదు చేసేది. దాని కోసం చేసుకుంటాండాది."

తరవాత బండికి పూజ. వాకిట్లో బండి నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు అద్దానికి పసుపు, కుంకుమ పెట్టారు. ఓబులేష్ తాళం తిప్పాడు. మూడో సెకనుకు మిగతా దీపాలన్నీ ఆరిపోయాయి. ఆ రెండూ ఆరలేదు.

"ఇవి చూడు. రెండు కండ్లు పెట్టుకోని పొద్దస్తమానం నన్నే చూస్తాండాయి. మా అమ్మ మాదిరి."

"నా కండ్లు పడకుంటే నువ్వు ఎప్పుడో ఎవతినో లేపుకోని పోయి ఉండువు," అంది కదిరమ్మ.

సహన లోపలికి వెళ్లి స్టిక్కర్ బొట్ల అట్ట తెచ్చింది. రెండు పెద్ద బొట్లు ఊడదీసి, ఒక్కో దీపం మీద ఒక్కోటి అంటించింది. సరిగ్గా సరిపోయాయి. వెలుతురు కనపడలేదు.

"ఇంక చూడవు. పూజ కూడా అయింది."

అందరం నవ్వాం. కదిరమ్మ నవ్వింది. నాయన నవ్వాడు. పండగ అయ్యేదాకానే కదా అన్నాను. నేను కూడా నవ్వాను.

ప్రమాదాన్ని చూసిన మనిషి ఒకడున్నాడు. పేరు అమరనాథ్. సర్వీసు రోడ్డు పక్కన టీ అమ్ముతాడు. ఐదో రోజు నేను వెళ్లి కలిశాను. టిప్పర్ ముందు ఒక బస్సు ఉన్నట్టుండి నిలిచిందని, టిప్పర్ నిలిచిందని, వెనక పికప్ ఉందని చెప్పాడు.

"బ్రేకు తొక్కినాడక్కా. నేను చూస్తాండా. చక్రాలు తిరగలేదు. పలక మీద కూర్చోని జారినట్ల జారతా వచ్చింది. ఎడమ పక్క ఖాళీ ఉండాది. అటు పోయి ఉండొచ్చు. ఎందుకు పోలేదో తెల్దు."

పోలీసు స్టేషన్ ఆవరణలో బండిని చూశాను. కుడి భాగం నలిగిపోయింది. ఎడమ చక్రం బాగానే ఉంది. ముందు చక్రాలు రెండూ ఎడమకు పూర్తిగా తిరిగి ఉన్నాయి. ఓబులేష్ స్టీరింగ్ తిప్పాడు. బండి తిరగలేదు. బొట్లు రెండూ దీపాల మీద అలాగే ఉన్నాయి.

ఆ బొట్ల సంగతి పదకొండో రోజుకు అందరికీ తెలిసింది. కర్మ అయ్యాక ఆడవాళ్లు గదిలో కూర్చుని ఉన్నారు. సహన నుదుటన బొట్టు తీసేశారు. ఈ రోజుల్లో తీయక్కరలేదని బంధువుల్లో ఒకరిద్దరు అన్నారు. కదిరమ్మ తీయాలంది.

"దీపాలు రెండూ వాన్ని చూసుకుంటా ఉండె. ఇది బొట్లు పెట్టి వాటి కండ్లు మూసింది. దీనికి ఇంక బొట్టు ఎందుకు?"

సహన తల వంచుకుని ఉంది. ఆ రోజు వాకిట్లో నవ్వినవాళ్లం అక్కడ ముగ్గురం ఉన్నాం. అందరం నవ్వామని ఎవరం అనలేదు. నాయన బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఆ మాట వినపడలేదు.

వంటింట్లో సహన నన్ను పట్టుకుంది.

"అక్కా, ఆ దీపం కనపడతా ఉండింటే ఆయన ఇంకొంచెం నిదానంగా పోయి ఉండునేమో కదా?"

"లేదు. దీపాలు ఉన్నాయని వానికి తెలుసు."

"తెలిసింది వేరే, కనపడేది వేరే. నేనే మూసినా. అత్త చెప్పేది నిజమే."

"కాదు సహనా."

"నీకెట్ల తెలుసు?"

అప్పటికి నాకున్నది బేరింగు మీద అనుమానమే. అది నిజమైతే చెల్లెలి మీది నింద పోయి నాయన మీద పడుతుంది. అబద్ధమైతే చెల్లెలి మీదే ఉంటుంది. రెండింటిలో ఏది కోరుకోవాలో తెలియకుండా పద్దెనిమిది రోజులు ఉన్నాను.

సెప్టెంబరు 11న పోలీసులు బండి వదిలారు. ఇంకో బండి వెనక కట్టి షెడ్డుకు తెచ్చాం. నాయన దాన్ని చూడగానే వెళ్లి టార్పాలిన్ తెచ్చి కుడి వైపు కప్పాడు. ఎడమ వైపు వదిలేశాడు.

మరుసటి రోజు పొద్దున తొమ్మిదికి నేను ఎడమ చక్రం విప్పాను. నాయన స్టూలు తెచ్చుకుని వెనక కూర్చున్నాడు. వద్దనలేదు. సాయం చేయలేదు. నేను హబ్ లాగాను. లాగగానే నంబరు కనిపించింది. పళ్లెం మీద పేరు చెక్కినట్టు ఆరు అంకెలు, నాకు ఎదురుగా.

సెన్సర్ ఉండేది లోపలి వైపు.

బేరింగును ప్రెస్ కింద పెట్టి నెట్టాను. నంబరు లేని వైపు సీలు మీద గుండుసూది పెట్టాను. జారి పడింది.

"బేరింగు బాగుండాదా?" నాయన అడిగాడు.

"బాగుంది నాయనా. బాల్సుకు ఏమీ కాలేదు."

"మరి?"

గ్రైండర్ కింద పడి ఉన్న ఇనుపపొడిని చిటికెడు తీశాను. నంబరు లేని వైపు చల్లి, బేరింగును వంచాను. పొడి అంతా కింద పడిపోయింది. తిప్పి, నంబరు ఉన్న వైపు చల్లి వంచాను. పొడి పడలేదు. సీలు చుట్టూ సన్నని గీతలుగా నిలబడింది, దువ్వెన పళ్లలాగా.

నాయన లేచి వచ్చి బేరింగు నా చేతిలోంచి తీసుకున్నాడు. పొడి ఊదేశాడు. తనే మళ్లీ చల్లాడు. గీతలు మళ్లీ వచ్చాయి. రెండో వైపు చల్లాడు. రాలేదు. మూడుసార్లు అలా చేశాడు.

"కంపెనీ వాళ్లు నంబరును లోపలికి పెట్టినారు," అన్నాడు.

నేను కింద పడిన గుండుసూది ఏరుకున్నాను.

"పాతది విప్పినప్పుడు నేను చూసినా. చూసి, నవ్వినా."

కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాడు. నాలుగు గంటలకు ఒక కారు వస్తే క్లచ్ చూసి పంపాడు. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు అడిగాడు.

"సహన ఏమంటాండాది?"

అప్పుడు చెప్పాను. పదకొండో రోజు కదిరమ్మ అన్నది చెప్పాను. బొట్టు ఎందుకు తీయించిందో చెప్పాను. వంటింట్లో సహన అడిగింది చెప్పాను.

"నాకు ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?"

"విప్పి చూడకుండా ఏం చెప్పేది నాయనా."

"జులైలో నీకు అనుమానం వచ్చింది కదా."

"వచ్చింది."

ఆయన తల ఊపాడు. బల్ల మీది పాత పేపరు చింపి, అందులో ఇనుపపొడి పోసి పొట్లం కట్టాడు.

సెప్టెంబరు 15 ఆదివారం. నేను ఆటో పిలుస్తానంటే వద్దన్నాడు. కె.ఆర్.పురం నుంచి సిల్క్‌బోర్డు, సిల్క్‌బోర్డు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా చందాపుర, అక్కడి నుంచి ఆనేకల్. మూడు బస్సులు మారాం. బేరింగును తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. చందాపుర దాకా వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీ అయింది. ఆయన అటు జరగలేదు.

కదిరమ్మ మగ్గం ముందు కూర్చుని ఉంది. నేత నేయడం లేదు. సహన నీళ్లు తెచ్చింది. నాయన నీళ్లు ముట్టుకోలేదు. నేల మీద కూర్చుని, తువ్వాలు విప్పి, బేరింగును కదిరమ్మ ముందు పెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"ఓబులేష్ బండిది. నేను వేసింది."

పొట్లం విప్పి చూపించాడు. ముందు ఖాళీ వైపు. తరవాత నంబరు వైపు. ఇనుపపొడి గీతలుగా నిలిచింది. ఈ గీతలు లోపలి వైపు ఉండాలని, అప్పుడే బండికి చక్రం తెలుస్తుందని, తను బయటి వైపుకు పెట్టాడని, ఆ దినం నుంచే దీపాలు వెలిగినాయని చెప్పాడు. స్కానర్ పేరు ఎత్తలేదు. నా పేరు ఎత్తలేదు.

"ఆ దీపాలు కనపడినా కనపడకపోయినా ఒకటే అమ్మా. వాడు బ్రేకు తొక్కినాడు. చక్రాలు కట్టేసినాయి. కట్టేయకుండా చూసేదాన్ని నేను చంపినా. నా బిడ్డ బొట్టు కాదు. నా చెయ్యి."

కదిరమ్మ బేరింగును చేతుల్లోకి తీసుకుంది. బరువు చూసింది. వైపులు తిప్పి తిప్పి చూసింది.

"తిరగేసి పెట్టినావు."

"తిరగేసి పెట్టినా."

"ఎందుకు పెట్టినావన్నా? నీకు తెల్దా?"

"నంబరు బయటికి పెట్టేది మాకు వాడుక. తరవాత విప్పేవాడు చదువుకోవాలని."

ఆమె అంచు మీది నంబరును వేలితో తడిమింది. చదవలేదు. ఆమెకు చదువు రాదు.

"మగ్గం మీద తప్పు పోగు పడితే విప్పి మళ్లా నేస్తాం. దీపాలు వెలిగినాయి కదా, ఎందుకు విప్పలేదు?"

నాయన నోరు తెరిచాడు. నేను ముందు చెప్పాను.

"విప్పాలని నాకు తెలుసమ్మా. జులైలోనే తెలుసు. ఒకసారి అడిగినా. నాయన వద్దన్నాడు. మళ్లీ అడగలేదు. ఓబులేష్‌కు నడుపుకో అని చెప్పింది నేనే."

సహన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నా వైపు చూసింది. నాయన వైపు చూసింది. వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. తట్టాను. తీయలేదు.

బయట ఎవరో కూరగాయలు అమ్ముతూ వెళ్లారు.

"మూడు బస్సులు మారి వచ్చినారా?" అని కదిరమ్మ అడిగింది.

"ఊ."

"మబ్బు పట్టింది. వాన రాకముందే పోండి."

మేము లేచాం. బేరింగు ఆమె ఒడిలోనే ఉంది. ఇవ్వలేదు. నాయన ఖాళీ తువ్వాలు మడుచుకుని భుజాన వేసుకున్నాడు.

తిరుగుప్రయాణంలో చందాపుర దాటాక వాన మొదలైంది. అమరనాథ్ టీ బండి దగ్గర బస్సు నెమ్మదించింది. నేను అది చూపించలేదు. ఆయన అడగలేదు.

సహన రెండు వారాలు నా ఫోన్ తీయలేదు. మూడో వారంలో తీసింది. నాయన తిన్నాడా అని అడిగి పెట్టేసింది.

అక్టోబరు 9న బండిని పరీక్షించిన ఇన్‌స్పెక్టర్ రిపోర్టు నకలు వచ్చింది. ప్రమాదంలో బ్యాటరీ పగిలింది కాబట్టి పరీక్షించిన రోజు డాష్‌బోర్డు వెలగలేదు. కాలి బ్రేకు పనిచేస్తోంది, చేతి బ్రేకు పనిచేస్తోంది, ప్రమాదానికి బండిలో ఏ యాంత్రిక లోపమూ కారణం కాదు అని ఉంది. కన్నడలో ఉన్నదాన్ని నాయనకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి మళ్లీ నాకే ఇచ్చాడు.

"తప్పు రాసినారు," అన్నాడు.

సెప్టెంబరు 12 తరవాత నాయన బేరింగు వేయలేదు. వస్తే పక్క షెడ్డుకు పంపుతున్నాడు. మిగతా పనులు చేస్తున్నాడు.

అక్టోబరు 21 సోమవారం సహన బొమ్మసంద్రలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరింది. ఆ మధ్యాహ్నం ఒంటి గంట పది నిమిషాలకు నా ఫోన్‌కు కొత్త ఐడి కార్డు ఫోటో పంపింది. కింద ఒక మాట రాసింది: అత్త పెట్టింది.

కార్డు మీద సహన పేరు, నంబరు ఉన్నాయి. ఫోటోలో నుదుటన బొట్టు ఉంది.